పసుపు స్ప్రింగు కేసు: బాక్టీరియాలో లేని తాడును ఆరు నెలలు కొలిచాం

మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒక సాయంత్రం నా టేబుల్ దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. "అక్కా, ఈసారి మాత్రం పక్కా" అంది. నల్లటి తెర మీద ఈ. కోలై అనే బాక్టీరియా కణాలు, ఒక్కొక్కటి రెండు మూడు మైక్రాన్ల పొడవు. ప్రతి కణంలో ఒక పసుపు దారం, బాల్‌పెన్నులో ఉండే స్ప్రింగులాగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెలికలు తిరిగి ఉంది. ఇంత అందమైన బొమ్మ మా మైక్రోస్కోప్ నుంచి అంతకుముందు రాలేదు. నేను కూడా మురిసిపోయాను. ఆ మురిపెం ఖరీదు ఆరు నెలలు.

తను చూస్తున్న ప్రోటీన్ పేరు ఎమ్రీబీ. మన కండరాల్లో, మన ప్రతి కణంలో ఉండే ఆక్టిన్ అనే పోగుల ప్రోటీన్‌కు బాక్టీరియాలో ఉన్న బంధువు ఇది. ఒక తోటి ల్యాబ్ వాళ్ళు తయారుచేసిన రసాయనం బాక్టీరియా పెరుగుదలను ఆపుతోంది. అది ఎమ్రీబీ మీద పనిచేస్తుందా అన్నది మా ప్రశ్న. అందుకోసం ఎమ్రీబీకి వైఎఫ్‌పీ అనే పసుపు వెలుగు ప్రోటీన్‌ను తగిలించిన స్ట్రెయిన్‌ను, అంటే బాక్టీరియా రకాన్ని, ఫ్రీజర్‌లోంచి తీసి వాడింది. రసాయనం వేస్తే స్ప్రింగులు పొట్టివయ్యేవి, తర్వాత చెదిరిపోయేవి. స్ప్రింగు చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం కొలిచి గ్రాఫులు గీసింది. థీసిస్‌లో ఆ అధ్యాయం ముసాయిదా కూడా మొదలైంది. అందులో ఒక వాక్యం నాకు ఇంకా గుర్తుంది: మన కణాల్లో కనిపించే ఆక్టిన్ తాళ్ళకు మూలరూపం బాక్టీరియాలోని ఈ సర్పిలమే.

ఈ కేసంతా ఆ వాక్యం గురించే. అందులో ఒక సగం నిజం, ఒక సగం భ్రమ ఉన్నాయి. రెండూ ఒకే ఫొటోలోంచి వచ్చినట్టు కనిపించడం వల్లే విడదీయడం కష్టమైంది.

బాక్టీరియాలో సైటోస్కెలిటన్ లేదని ఒకప్పుడు పాఠ్యపుస్తకాలు ఖాయంగా చెప్పేవి. సైటోస్కెలిటన్ అంటే కణం లోపలి ఎముకల గూడు అనుకోవచ్చు. కాకపోతే ఈ ఎముకలు నిమిషాల్లో కట్టుకుంటాయి, నిమిషాల్లో విడిపోతాయి. అది మనలాంటి కేంద్రకమున్న జీవులకే సొంతమనీ, బాక్టీరియా గోడగట్టిన సంచి మాత్రమేననీ నమ్మకం. ఆ నమ్మకం రెండు వైపుల నుంచి కూలింది. కణం రెండుగా విడిపోయే చోట ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్ ఉంగరంలా కూడుతుందని 1991లో బీ, లుట్కెన్‌హాస్ చూపించారు. ఎమ్రీబీ కథ ఇంకా పాతది. 1980లలో జపాన్‌లో వాచీ, మత్సుహషీ బృందం మెసిలినామ్ అనే యాంటీబయాటిక్‌కు మామూలుకు భిన్నంగా స్పందించే ఈ. కోలై మ్యూటెంట్లను పరిశీలిస్తే కడ్డీల్లా ఉండాల్సిన కణాలు గోళీల్లా గుండ్రంగా దొరికాయి. ఆ జన్యువుల గుంపులోదే ఎమ్రీబీ. 2001లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎరింగ్టన్ బృందం, బాసిలస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలో ఎమ్రీబీ, దాని జోడీ ఎమ్‌బీఎల్ కణం పొడవునా సర్పిలంగా చుట్టుకుని ఉంటాయని ప్రకటించింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో వాన్ డెన్ ఎంట్, ఎమోస్, లోవె ముగ్గురూ ఎమ్రీబీ స్ఫటిక నిర్మాణం తేల్చారు. చూస్తే అచ్చం ఆక్టిన్. ఒకే ఏడాదిలో బొమ్మ, నిర్మాణం రెండూ రావడంతో అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నట్టయింది. దాదాపు పదేళ్ళపాటు రివ్యూ వ్యాసాల్లో ఎమ్రీబీ అంటే స్ప్రింగు బొమ్మే.

ఈ చరిత్ర నాకు కొత్తేమీ కాదు. 2011లో ఆ స్ప్రింగు కూలిందనీ తెలుసు, 2012లో దాన్ని పాతిపెట్టారనీ తెలుసు. జర్నల్ క్లబ్‌లో నేనే చెప్పాను. అయినా నా ముందు ల్యాప్‌టాప్‌లో స్ప్రింగు కనిపిస్తే గుర్తుపట్టలేదు. మన స్ట్రెయిన్ కొత్తది, సరైనది అన్న ధీమా. ట్యూబు మీద "వైఎఫ్‌పీ-ఎమ్రీబీ" అని మాత్రమే ఉంది. స్ట్రెయిన్ రిజిస్టర్‌లో ఆ పేజీ కాఫీ మరక కింద సగం చెరిగిపోయింది.

అనుమానం వచ్చింది ఒక చిన్న విషయం దగ్గర. తను ఐపీటీజీ కలపడం మర్చిపోయిన రోజు. వైఎఫ్‌పీ-ఎమ్రీబీ జన్యువు ఉన్నది ప్లాస్మిడ్ మీద, అంటే క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద. ఐపీటీజీ అనే రసాయనం వేస్తేనే ఆ జన్యువు గట్టిగా పనిచేస్తుంది. వేయకపోతే కొద్దిగా కారుతుంది, అంతే. ఆ రోజు స్ప్రింగులు దాదాపు లేవు. అక్కడక్కడ చుక్కలు, చిన్న మరకలు. ఆ ఫొటోలను "ఫెయిల్డ్" అనే ఫోల్డర్‌లో పడేసింది. వారం తర్వాత వేరే పని మీద ఆ ఫోల్డర్ తెరిస్తే నాకు కడుపులో చెయ్యి పెట్టి కలిపినట్టయింది. ఎమ్రీబీ జన్యువు ఆ కణాల క్రోమోజోమ్‌లో మామూలుగానే ఉంది, కణాలు చక్కటి కడ్డీల్లాగే పెరుగుతున్నాయి. కడ్డీ ఆకారానికి స్ప్రింగు అవసరమైతే ఈ కణాల్లో కూడా అది ఉండాలి. కొద్దిగా తయారైన పసుపు ప్రోటీన్ ఆ స్ప్రింగులోనే అక్కడక్కడ కూర్చుని దాని దారిని చూపించాలి. అది జరగలేదు. వెలుగు ప్రోటీన్ ఎక్కువైతేనే స్ప్రింగు వస్తోంది.

తర్వాత ఐపీటీజీని మెట్లు మెట్లుగా పెంచుతూ పోయాం. మోతాదు పెరిగిన కొద్దీ స్ప్రింగున్న కణాలు పెరిగాయి. ఏ ప్రోటీన్ ఎంతుందో పట్టీలుగా చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో మా "మంచి" ఫొటోల దగ్గర వైఎఫ్‌పీ తగిలించిన ప్రోటీన్ పట్టీ, సహజ ఎమ్రీబీ పట్టీ కన్నా ముదురుగా కనిపించింది. ఇంట్లో నలుగురుండగా పదిమంది అద్దెకు దిగి, ఆ పదిమందినీ చూపించి ఈ ఇంటివాళ్ళ పద్ధతి ఇదీ అని చెప్పినట్టుంది మా లెక్క.

ఇంకో పరీక్ష ముందే చేసి ఉండాల్సింది. ఎమ్రీబీ లేని ఈ. కోలై మామూలు మీడియంలో బతకడం కష్టం. ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను అదనంగా ఇచ్చే ప్లాస్మిడ్ తోడుంటే మాత్రం గుండ్రంగా ఉబ్బి బతుకుతుంది. అలాంటి గుండ్రటి కణాల్లోకి మా ప్లాస్మిడ్‌ను ఎక్కించాం. తగిలించిన ప్రోటీన్ పనిచేసేదైతే కణాలు మళ్ళీ కడ్డీలు కావాలి. కాలేదు, గోళీలు గోళీల్లాగే ఉన్నాయి. మెరుస్తోంది కానీ పని చేయడం లేదు. సహజ ప్రోటీన్ పక్కన ఉన్నంతసేపూ కణం ఆకారం బాగానే ఉంటుంది కాబట్టి, ఈ తగిలింపు దండగమారిదని మైక్రోస్కోప్ ఎప్పటికీ చెప్పదు.

ఎందుకు పనిచేయదో సీక్వెన్స్ చదివించాక తెలిసింది. వైఎఫ్‌పీని ఎమ్రీబీ మొదటి కొసకు, అంటే ఎన్-టెర్మినల్‌కు అతికించారు. ఈ. కోలై ఎమ్రీబీకి ఆ కొసే ప్రాణం. అక్కడో చిన్న హెలిక్స్, అంటే మెలిక, ఉంటుంది, ఒక పక్క నీళ్ళను ఇష్టపడుతుంది, ఇంకో పక్క కొవ్వును. ఆ కొవ్వు పక్కతోనే ఎమ్రీబీ కణపు పొరను కరిచిపట్టుకుంటుందని లోవె బృందం 2011లో చూపించింది. మనం ఆ పంటికే ఒక పెద్ద బంతి కట్టాం. పొరను సరిగా పట్టుకోలేని ప్రోటీన్ తోటివాటితో మితిమీరి అతుక్కుని పొడవాటి తాడైతే ఆశ్చర్యమేముంది? దీనికి విరుగుడు 2009లోనే ఉంది. డి బోర్ బృందం ఎర్ర వెలుగు ప్రోటీన్‌ను కొసకు కాక ఎమ్రీబీ మధ్యలో, బయటికి పొడుచుకొచ్చిన ఒక లూప్‌లో దూర్చింది. దాన్ని మా దగ్గర "శాండ్‌విచ్" అంటారు. అది సహజ జన్యువు స్థానంలో నిలబడి కడ్డీ కణాలనే ఇస్తుంది. మా ట్యూబులో శాండ్‌విచ్ ఉందనుకున్నాను. శాండ్‌విచ్ ఎరుపు, మాది పసుపు. రంగు చూసైనా అడగాల్సింది.

మా భ్రమను ఇన్నాళ్ళు నిలబెట్టింది ఏ22 అనే రసాయనం. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఎమ్రీబీ పట్టుకునే చోటును చెడగొట్టి, కడ్డీ కణాలను గుండ్రం చేసే మందు అది. మొదటి వారంలోనే తను ఏ22 వేసి చూసింది, స్ప్రింగు చెదిరింది. "చూశారా, నిజం ఎమ్రీబీయే" అనుకున్నాం. నిజం ఎమ్రీబీయే, అందులో సందేహం లేదు. కృత్రిమంగా పేరుకున్న తాడు కూడా ఎమ్రీబీ అణువులతోనే తయారైంది, ఏ22 దాన్నీ విప్పుతుంది. ఆ తాడులో ఏ ప్రోటీన్ ఉందో ఏ22 చెబుతుంది. ఆ తాడు కణానికి సహజమా కాదా అనేది దానికి సంబంధించిన సంగతే కాదు. ఇప్పటికీ కొత్త విద్యార్థులు ఈ రెండు ప్రశ్నలనూ కలిపేస్తారు. వాళ్ళను తప్పు పట్టలేను, నేనే కలిపేశాను.

ఇదే తప్పు ప్రపంచం మొత్తం ఎలా చేసిందో ఇక్కడ చెప్పాలి. ఈ. కోలై వెడల్పు సుమారు ఒక మైక్రాన్. మామూలు లైట్ మైక్రోస్కోప్ 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీయలేదు. లోతు వైపు చూపు ఇంకా మందం. కణం చుట్టూ అడ్డంగా, కొంచెం ఏటవాలుగా పడున్న ముక్కలను ఆ చూపుతో తీసి, పైనుంచి కంప్యూటర్‌తో మెరుగుపెడితే మన కన్ను వాటిని కలిపి మెలిక చేసేస్తుంది. చుక్కలు కలిపి ముగ్గు చూడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. 2011లో మూడు బృందాలు ఫొటోలు కాక వీడియోలు తీశాయి, ఎక్కువగా టర్ఫ్ మైక్రోస్కోప్‌తో, అంటే కణం గాజును తాకే పలుచటి పొరను మాత్రమే వెలిగించి. చిన్న చిన్న ముక్కలు కణానికి అడ్డంగా, ఒక్కొక్కటి దేని దారిన అది, ఇటుది ఇటు, అటుది అటు పాకుతున్నాయి. సర్పిలం లేదు. ఆ మూడింటిలో ఒక బృందానికి నాయకురాలు రూట్ కార్బయీదో-లోపెజ్. 2001 నాటి సర్పిలం పేపర్ మీదా ఆమె పేరుంది. తను చూపించిన బొమ్మను పదేళ్ళ తర్వాత తనే మరింత మంచి మైక్రోస్కోప్‌తో కొట్టేసింది. సైన్సులో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే పని అదే. మరుసటి ఏడాది కాల్టెక్‌లో స్వూలియస్, జెన్సెన్ క్రయో-టోమోగ్రఫీతో, గడ్డకట్టించిన కణాలను ఎలక్ట్రాన్లతో పలు కోణాల్లో చూసి, ఎన్-టెర్మినల్ వైఎఫ్‌పీ ఉన్న ఈ. కోలై స్ట్రెయిన్‌లోని స్ప్రింగు ఆ తగిలింపు చేసిన మాయేనని తేల్చారు. మా ట్యూబులోది అలాంటిదే.

మేమూ శాండ్‌విచ్ స్ట్రెయిన్ తెప్పించుకుని టర్ఫ్ కింద పెట్టాం. అవే ముక్కలు, అదే అడ్డదారి నడక. చాలా నెమ్మది. వీడియోను వేగం పెంచి చూస్తేగానీ కదలిక తెలియదు. కణకవచాన్ని కట్టే పనిని ఆపే మెసిలినామ్ కలిపాం. కణం ఆకారం ఇంకా మారకముందే, నిమిషాల్లో, ముక్కలు ఉన్నచోటే ఆగిపోయాయి. ఎమ్రీబీ తనంతట తాను నడవదు. కణకవచాన్ని కట్టే యంత్రం, అంటే ఆర్‌ఓడీఏ, పీబీపీ2 వగైరా ఎంజైములు, కొత్త పోగు అల్లుకుంటూ ముందుకు పోతుంటే ఎమ్రీబీ దానితో పాటు సాగుతుంది. తిరిగి ఎమ్రీబీ ఆ యంత్రానికి దారి చూపుతుంది. వంపు ఎక్కువున్న వైపే అది పడుకుంటుంది కాబట్టి అల్లిక కణానికి అడ్డంగా సాగుతుంది, కణం లావెక్కకుండా పొడుగు పెరుగుతుంది. అల్లడం ఒక్కటే చాలదు, పాత పోగును ముందు కత్తిరించాలి కూడా. ఈ. కోలైలో ఆ కత్తెరలేవో హైదరాబాద్ సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం 2012లో గుర్తించింది. ఆ మూడు ఎంజైములూ ఒక్కసారిగా లేకపోతే గోడ పెరగక కణం చస్తుంది. మన ఊళ్ళో జరిగిన పని కదా, ఎమ్రీబీ వీడియో చూపించినప్పుడల్లా ఇది కూడా చెబుతాను.

ఇప్పుడు ఆ థీసిస్ వాక్యం దగ్గరికి వద్దాం. స్ప్రింగు పోయింది. మరి చుట్టరికం కూడా పోయిందా?

తను కళ్ళనీళ్ళ పర్యంతమై అడిగిన ప్రశ్న ఇదే. లేదు, పోలేదు. ఎందుకంటే ఆ చుట్టరికం ఎన్నడూ ఫొటో మీద ఆధారపడలేదు. 1992లో, అంటే ఎమ్రీబీ నిర్మాణం తెలియడానికి తొమ్మిదేళ్ళ ముందే, బోర్క్, సాండర్, వాలెన్సియా ముగ్గురూ సీక్వెన్సులు, అంటే ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలను అక్షరాలుగా రాసిన వరుసలు, మాత్రమే చూసి ఒక మాట చెప్పారు. ఆక్టిన్, వేరే ప్రోటీన్లు సరిగా మడత పడటానికి సాయపడే హెచ్‌ఎస్‌పీ70, చక్కెరకు ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్‌లు, బాక్టీరియాలోని ఎఫ్‌టీఎస్‌ఏ, ఎమ్రీబీ, ఒక ప్లాస్మిడ్ ప్రోటీన్ అన్నీ ఏటీపీని ఒకే రకంగా పట్టుకుంటాయి, అన్నిటిదీ ఒకే మడత అని. రెండు చిప్పల మధ్య ఏటీపీని ఇరికించుకునే ఆకారం అది. ఎమ్రీబీ, ఆక్టిన్ వరుసలు పక్కపక్కన పెడితే కలిసే అక్షరాలు సుమారు 15 శాతమే. కానీ 2001లో థర్మోటోగా మారిటిమా ఎమ్రీబీ నిర్మాణం వచ్చాక రెండు మడతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. పోగులో అణువుకూ అణువుకూ మధ్య దూరం ఎమ్రీబీలో 51 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు), ఆక్టిన్‌లో 55. థర్మోటోగా ఇటలీలో వుల్కానో దీవి దగ్గర మరిగే సముద్రపు మట్టిలో దొరికిన బాక్టీరియా. 80 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది. అలాంటి జీవుల ప్రోటీన్లు గట్టివి, స్ఫటికాలు బాగా ఇస్తాయి.

ఆ మడత ఒక్కటే అయినా దాంతో కట్టిన గోడలు వేరు. ఆక్టిన్ రెండు పోగులు ఒకే దిక్కుకు నడుస్తూ కుడిచేతి మెలికగా పేనుకుంటాయి. పార్‌ఎమ్ అనే ప్లాస్మిడ్ ప్రోటీన్ ఎడమచేతి మెలిక. ఎమ్రీబీ రెండు పోగులు ఎదురెదురు దిక్కులకు, మెలిక లేకుండా చదునుగా పొరకు ఆనుకుని ఉంటాయి. తాడు చూసి తాడును పోల్చి ఉంటే ఎమ్రీబీ ఆక్టిన్ వంశమే కాదని కొట్టేసేవాళ్ళం. పని చూసి పోల్చినా మోసపోయేవాళ్ళం. జంతుకణం రెండుగా విడేటప్పుడు నడుమును నొక్కేది ఆక్టిన్ ఉంగరం, క్రోమోజోములను అటూ ఇటూ పంచేది ట్యుబులిన్ అనే ఇంకో పోగుల ప్రోటీన్. బాక్టీరియాలో నడుము దగ్గరుండేది ఎఫ్‌టీఎస్‌జెడ్, అది ట్యుబులిన్ బంధువు. ఆర్1 ప్లాస్మిడ్ కాపీలను కణం రెండు కొసలకూ నెట్టేది పార్‌ఎమ్, అది ఆక్టిన్ బంధువు. కులవృత్తులు పూర్తిగా తారుమారు! ఎఫ్‌టీఎస్‌జెడ్ చుట్టరికాన్ని 1992లో పట్టించింది ఏడక్షరాలు: జీ-జీ-జీ-టీ-జీ-టీ-జీ. ట్యుబులిన్ జీటీపీని (ఏటీపీ లాంటి ఇంకో అణువును) పట్టుకునే చోట దాదాపు ఇవే ఉంటాయి. 1998లో రెండు నిర్మాణాలూ నేచర్ పత్రిక ఒకే సంచికలో వచ్చాక ఇక వాదనే లేదు.

క్రెసెంటిన్ సంగతి అలా కాదు. కౌలోబాక్టర్ అనే బాక్టీరియా కణాన్ని కొడవలిలా వంచే ఈ ప్రోటీన్‌ను 2003లో కనుక్కున్నారు. మన కణాల్లోని ఇంటర్మీడియెట్ ఫిలమెంట్లనే గట్టి పోగులను పోలినదన్నారు. కానీ ఆ పోలిక పేనిన హెలిక్సులది. అలాంటి పేనుడు ప్రకృతిలో ఎన్నిసార్లయినా విడివిడిగా పుట్టగలదు. ఏడేసి అక్షరాల లయ కుదిరితే చాలు. ఆక్టిన్ మడత అంత తేలిగ్గా రెండుసార్లు పుట్టదు. అందుకే క్రెసెంటిన్‌ను బంధువుల జాబితాలో వేయొద్దని తనకు చెప్పాను.

మిగిలింది "మూలరూపం" అన్న మాట. ఎమ్రీబీ ఆక్టిన్‌కు తల్లి కాదు, దూరపు పెద్దమ్మ. ఇద్దరికీ ఒక పూర్వీకురాలు, ఆ తర్వాత ఎవరి దారి వారిది. మన ఆక్టిన్ వంశం ఆర్కియా వైపు నుంచి, అంటే బాక్టీరియాలాగే కేంద్రకం లేని వేరే శాఖ సూక్ష్మజీవుల వైపు నుంచి వచ్చింది. ఆర్కిటిక్ సముద్రం అడుగున లోకీస్ కాసిల్ దగ్గరి మట్టిలోంచి 2015లో జీనోమ్ తీసిన లోకీఆర్కియోటాలో మన ఆక్టిన్‌కు ఎంతో దగ్గరి ఆక్టిన్ కనిపించింది. 2023లో స్లొవేనియా తీరపు మట్టిలోంచి పెంచిన లోకీఆర్కియమ్ ఒసిఫెరమ్ కణాల్లో, పొడుచుకొచ్చిన చేతుల్లాంటి తీగల్లో ఆ ఆక్టిన్ పోగులు కనిపించాయి. వాటిని ఏ వెలుగు బంతీ కట్టకుండా, క్రయో-టోమోగ్రఫీతో చూశారు. మా కేసు తర్వాత ఆ పేపర్ చదివినప్పుడు నేను మొదట వెతికింది పద్ధతుల భాగంలో "ట్యాగ్" అన్న మాట కోసమే.

ఇంకో మాట కూడా తనకు చెప్పాను. మన ఆక్టిన్‌కూ ఈస్టు ఆక్టిన్‌కూ 85 శాతానికి పైగా అక్షరాలు ఒకటే. ఎమ్రీబీ దగ్గరికి వచ్చేసరికి 15. ఆక్టిన్‌ను పట్టుకుని వందకు పైగా వేరే ప్రోటీన్లు వేలాడుతుంటాయి, ఏ కొంచెం మారినా ఎవరో ఒకరు జారిపడతారు. అందుకే అది మారలేకపోయింది. బాక్టీరియా పోగులకు అంతమంది ఆశ్రితులు లేరు, స్వేచ్ఛగా మారిపోయాయి. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, ఈ రంగంలో చాలామంది చెప్పే కారణమే.

చివరికి ఆ రసాయనం సంగతి. స్ప్రింగులను పొట్టి చేసిందనుకున్న ఆ మందును శాండ్‌విచ్ స్ట్రెయిన్ మీద వేస్తే ముక్కలు నడుస్తూనే ఉన్నాయి. ఎమ్రీబీకి ఏమీ కాలేదు. అది కణంలో ప్రోటీన్ల తయారీనే మందగింపజేస్తోందని తర్వాత తేలింది. కొత్త వైఎఫ్‌పీ-ఎమ్రీబీ రాకపోతే మోతాదు తగ్గుతుంది, మోతాదు తగ్గితే స్ప్రింగు పోతుంది. ఐపీటీజీ మర్చిపోయిన రోజు జరిగిందే మళ్ళీ జరిగింది, ఈసారి మందు పేరుతో.

థీసిస్‌లో ఆ అధ్యాయం ఉంది, ఎనిమిది పేజీలకు కుదించి. పాత ట్యూబును పారేద్దామని నేనంటే తను ఒప్పుకోలేదు. మైనస్ 80 ఫ్రీజర్‌లో మూడో అరలోనే ఉంది, మూత మీద మార్కర్‌తో తన చేతిరాత: "ఎన్-టెర్మినల్. స్ప్రింగు వస్తుంది."